దమ్ముల్లోకి దిగే ముందు ట్రాక్టర్‌ని మనమే చూసుకోవడం ఎట్లా

కాలవకి నీళ్ళు వదిలారంటే మా నెల్లూరు పెన్నా డెల్టాలో అందరి కయ్యలూ (వరి మడులు) ఒక్కసారే దమ్ముకి, అంటే నాట్లకి ముందు నీళ్ళలో బురదగా దున్నడానికి వస్తాయి. సోమశిల నీళ్ళు కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, విడవలూరు, అల్లూరు వైపు పారే ఆ రోజుల్లో ట్రాక్టర్ ఉన్నోడికి నిద్ర ఉండదు, మెకానిక్‌కైతే అన్నం తినే టైం కూడా ఉండదు. ఫోన్ చేస్తే "ఇందుకూరుపేటలో ఉన్నానన్నా, రేపు పొద్దున్నే వస్తా" అంటాడు, ఆ రేపు రావడానికి మూడు రోజులు పడుతుంది, ఈలోపు మన వంతు నీళ్ళు పక్కోడి కయ్యకి పోతాయి. అతని తప్పేం లేదు, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఒక్కడే మనిషి. చిన్న చిన్న పనులు మన చేత్తో మనమే చేసుకోగలిగితే డబ్బు మిగలడం సంగతి తర్వాత, ముందు అదును తప్పకుండా ఉంటుంది.

నేను మెకానిక్‌ని కాదు, సేద్యం చేసుకునేవాణ్ణి. మా నాన్న కొన్న పాత బండిని నా తెలివితక్కువతనంతో ఒకసారి ఇంజన్ బోరు పని దాకా తెచ్చుకున్నాను, ఆ కథ కింద వస్తుంది. దాని తర్వాత కొన్న 45 హెచ్‌పీ బండికి మాత్రం ఇంజన్ ఇంతవరకు విప్పలేదు. అట్లాగని అన్నీ మనమే చేసుకోవాలని కాదు. డీజిల్ పంపు సెట్టింగు, నాజిల్స్ (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) ప్రెషర్, గేర్ బాక్సు, క్లచ్ ప్లేటు కోసం బండిని రెండు ముక్కలు చేయడం, వెనక పనిముట్టుని లేపే లిఫ్ట్ లోపలి పని, వీటి జోలికి పోవద్దు. కొత్త బండి వారంటీలో ఉంటే మొదటి 50 గంటల సర్వీసు, ఆ తర్వాతి ఫ్రీ సర్వీసులు షోరూంలోనే చేయించండి, లేకపోతే రేపు ఏదన్నా పోయినప్పుడు వారంటీ దగ్గర పేచీ వస్తుంది. ఇక్కడ నేను చెప్పేది పానాలు, గ్రీజు గన్ను, కాస్త ఓపిక ఉంటే ఇంటి ముందు వేపచెట్టు కింద అయ్యే పని. నేను చెప్పే లెక్కలు మామూలుగా 35 నుంచి 50 హెచ్‌పీ బళ్ళకి సరిపోయేవి, మీ బండితో ఇచ్చిన పుస్తకంలో ఇంకో అంకె ఉంటే ఆ పుస్తకమే రైటు. ఆ పుస్తకం బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది, ముందు దాన్ని బయటికి తీయండి.

పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఫ్యాన్ బెల్టు దగ్గర, పీటీఓ షాఫ్టు (వెనక పనిముట్టుని తిప్పే షాఫ్టు) దగ్గర తువ్వాలు మెడలో వేసుకుని, లుంగీ జారుకట్టు కట్టుకుని వంగేవాళ్ళని చూస్తే నాకు గుండె ఆగిపోతుంది. తిరిగే షాఫ్టు బట్ట కొసని పట్టుకుందంటే మనిషిని వదలదు. నిక్కరు, బనీను వేసుకుని చేయండి, ఎవరూ నవ్వరు. బండి చదునుగా ఉన్నచోట ఆపి, వెనక పనిముట్టు నేలకి దించి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం తీసి జేబులో పెట్టుకుని, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాకే కిందకి దూరండి. రోటవేటర్ బ్లేళ్ళ పని ఉంటే లిఫ్ట్ మీద నమ్మకంతో దాని కిందకి వెళ్ళొద్దు, ఎవరన్నా పిల్లోడు సీటెక్కి లివర్ కదిలిస్తే చాలు, దిగిపోతుంది. మందపాటి చెక్క దిమ్మెలు కింద పెట్టండి.

పొద్దున తాళం తిప్పే ముందు పది నిమిషాలు

ముందు బండి కింద నేల చూడండి. రాత్రంతా ఆగి ఉన్న చోట చుక్కలు పడి ఉంటే ఎక్కడ్నుంచి పడ్డాయో, ఏ రంగులో ఉన్నాయో చూస్తే సగం జబ్బు తెలిసిపోతుంది. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్, ఆకుపచ్చగానో ఎర్రగానో నీళ్ళలా ఉంటే కూలెంట్, వాసనకే తెలిసేది డీజిల్.

తర్వాత డిప్ స్టిక్. రాత్రి ఆపిన బండి కాబట్టి ఆయిలంతా కిందకి దిగి ఉంటుంది, అదే మంచి సమయం. ఒకసారి తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి తీసి చూడండి, రెండు గీతల మధ్య ఉంటే చాలు, పై గీత దాటించడం కూడా మంచిది కాదు. ఆయిల్ తగ్గితే అందరూ చూస్తారు గానీ, పెరిగితే ఎవరూ పట్టించుకోరు. మనం పోయకుండానే లెవెల్ పెరిగిందంటే లోపలికి డీజిల్ గానీ నీళ్ళు గానీ దిగుతున్నట్టు. డీజిల్ దిగితే ఆయిల్ పలచబడి డీజిల్ వాసన వస్తుంది, నీళ్ళు దిగితే మజ్జిగలా తెల్లబడుతుంది. రెండింట్లో ఏదైనా సరే ఆ రోజు బండి స్టార్ట్ చేయకండి, మెకానిక్ కోసం మూడు రోజులు ఆగాల్సి వచ్చినా ఆగండి.

రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీయాలి. మా తీరం ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా, చవుడు చవుడుగా ఉంటాయి, ఆ నీళ్ళు పోస్తూ పోతే టీ కాచే గిన్నెకి పట్టినట్టు లోపల గొట్టాలకి తెల్లటి పొర పడుతుంది, తర్వాత ఎండాకాలంలో లోడు మీద టెంపరేచర్ ముల్లు ఎర్రగీతలోకి ఎందుకు పోతోందో తెలియక కొట్టుకుంటాం. కలిపి అమ్మే కూలెంట్ కొనుక్కోవడం మేలు, విడిగా కొంటే సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలపండి. మన వైపు మంచు పడదు కదా కూలెంట్ ఎందుకనే మాట విన్నాను. గడ్డకట్టకుండా ఉండటం దానికున్న ఒక గుణం మాత్రమే, తుప్పు పట్టనీయకపోవడం, తొందరగా మరగనీయకపోవడం మనకి కావలసినవి.

పని మధ్యలో ముల్లు ఎర్రలోకి పోతే చాలామంది చేసే తప్పు ఏంటంటే, వెంటనే ఆపేసి మూత తీసి చెంబుతో చన్నీళ్ళు పోయడం. ఆవిరి మొహాన కొడుతుంది, అది పోనీ అనుకున్నా ఇంజన్ హెడ్డు పగులుతుంది. లోడు తీసేసి కొద్ది నిమిషాలు స్లోలో తిరగనిచ్చి ఆపండి. బెల్టు తెగిపోతేనో, నీళ్ళన్నీ కారిపోతేనో మాత్రం అప్పటికప్పుడే ఆపేయాలి. చెయ్యి పెడితే కాలనంతగా చల్లారాకే మూత.

ఫ్యాన్ బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 10 నుంచి 15 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. వదులుగా ఉంటే బ్యాటరీ చార్జింగూ సరిగ్గా ఉండదు, నీళ్ళ పంపూ సరిగ్గా తిరగదు. మరీ బిగిస్తే డైనమో బేరింగులు పోతాయి. డైనమో బోల్టు వదులు చేసి, చెక్కతో కాస్త ఎడంగా తోసి బిగించుకోవడమే, ఐదు నిమిషాల పని.

ఎయిర్ క్లీనర్ సంగతి

పాత బండి కథ ఇక్కడే. దానికి డ్రై టైపు ఫిల్టర్ ఉండేది, కాగితం మడతలు మడతలుగా ఉంటుంది కదా, అది. ఆ ఏడాది మెట్ట పనికి దర్శి, పొదిలి వైపు బండి తీసుకెళ్ళాను, కంది చేలకి దున్నకాలు. ఆ ఎర్రదుమ్ములో సాయంత్రానికి బండి నల్లపొగ కక్కేది, నేను ఫిల్టర్ తీసి టైరు రిమ్ముకేసి టపటపా కొట్టి మళ్ళీ పెట్టేసేవాణ్ణి, పొగ తగ్గేది, నేనే మొనగాణ్ణి అనుకునేవాణ్ణి. ఆ కొట్టుడుకి ఫిల్టర్ అంచున ఉండే రబ్బరు సీలు దగ్గర రేకు వంగింది, కంటికి కనిపించనంత సందు, దాంట్లోంచి నెల రోజులు ఇంజన్ దుమ్ము తాగింది. దుమ్మంటే ఇసుకే, ఆయిల్లో కలిసిందంటే గరుకు కాగితం పెట్టి పిస్టన్లు ఆడే లైనర్లని రుద్దినట్టే. బండి ఆయిల్ తాగడం, నీలం పొగ, స్టార్టింగ్ ట్రబుల్, పికప్ లేకపోవడం, ఆఖరికి పిస్టన్లు, రింగులు, లైనర్లు అన్నీ మార్చాల్సి వచ్చింది. ఆ సీజన్ సంపాదన మొత్తం అందులో పోయింది.

కాబట్టి డ్రై ఫిల్టర్‌ని అరచేతి మీద మెల్లగా తట్టండి, అంతే. గాలి కొట్టాలంటే లోపల్నించి బయటికి కొట్టాలి, 30 పీఎస్ఐ దాటించకుండా, కాస్త దూరం పెట్టి. పంక్చర్ షాపులో ఫుల్లు గాలి దగ్గరగా పెట్టి కొడితే కాగితం చిరుగుతుంది. శుభ్రం చేశాక లోపల ఒక బల్బు గానీ సెల్‌ఫోన్ లైటు గానీ పెట్టి చీకట్లో చూడండి, ఎక్కడన్నా సూదిబెజ్జంలా వెలుగు కనిపిస్తే ఆ ఫిల్టర్ పారేయండి. లోపల ఇంకో సన్న ఫిల్టర్ ఉంటుంది, దాన్ని ఊరికే తీయకూడదు, కడగకూడదు, పైది కొన్నిసార్లు మార్చాక దీన్ని కూడా కొత్తది వేసుకోవడమే. పైదాన్ని కూడా సబ్బునీళ్ళలో ఉతికి ఆరేసేవాళ్ళు ఉన్నారు, పుస్తకంలో అట్లా రాసి ఉంటే తప్ప చేయొద్దు.

ఆయిల్ బాత్ టైపు (గాలిని ఆయిల్‌తో వడకట్టేది) ఉన్నవాళ్ళకి వేరే. కింద గిన్నె క్లిప్పులు తీసి దించితే అడుగున బురద పేరుకుని ఉంటుంది, ఆ ఆయిల్ పారబోసి, గిన్నెని డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, గీత వరకు ఇంజన్ ఆయిల్ పోయాలి. గీత దాటి పోస్తే ఆ ఆయిల్‌ని ఇంజనే పీల్చుకుంటుంది, బండి అదుపు తప్పి రేసు అయిపోతుంది, తాళం తిప్పినా ఆగదు. మాగాణి పనుల్లో వారానికోసారి చూస్తే సరిపోవచ్చు. మెట్ట దుక్కులకి, చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల రోడ్ల మీద తిరిగే బళ్ళకి మాత్రం రోజూ చూడాల్సిందే, మరీ దుమ్ములో అయితే పూటకోసారి. పుస్తకంలో గంటలు మామూలు చేలని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజన్‌కి పోయే రబ్బరు గొట్టం క్లిప్పులు కూడా చేత్తో కదిపి చూడండి, ఫిల్టర్ ఎంత కొత్తదైనా ఆ క్లిప్పు వదులైతే దండగే.

డీజిల్, ఎయిర్ పట్టడం

సాయంత్రం పని అయ్యాక ట్యాంకు నింపండి, పొద్దున కాదు. ఖాళీ ట్యాంకులో ఉన్న గాలికి రాత్రి చల్లదనానికి చెమ్మ పట్టి నీళ్ళు అవుతాయి, అవి డీజిల్ కంటే బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. క్యాన్లలో తెచ్చుకుని చేలో పోసుకునేవాళ్ళమే అందరం, ఆ క్యాను మూత దగ్గర ఉన్న మట్టి తుడిచి, సన్నటి జల్లెడ గరాటాతో పోయండి. గుడ్డ వాడితే పోగులు రాలని గుడ్డ కావాలి.

డీజిల్ ఫిల్టర్ కింద చిన్న స్క్రూ ఉంటుంది, లేదా నీళ్ళు నిలిచే గాజు గిన్నె ఉంటుంది. వారానికోసారి, వానాకాలంలో రెండు మూడు రోజులకోసారి, పొద్దున్నే బండి కదలకముందు ఆ స్క్రూ వదులు చేసి సీసాలోకి కాస్త పట్టండి, నీళ్ళు ఉంటే అడుగున వేరుగా నిలబడి కనిపిస్తాయి. మంచి డీజిల్ వచ్చే దాకా వదిలి బిగించండి. ఆ నీళ్ళు పంపులోకి పోయాయంటే పంపు ఖర్చు ఎంతో దాన్ని బాగు చేయించుకున్నవాణ్ణి అడగండి.

ఫిల్టర్లు మార్చినా, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపినా లైన్లో గాలి పడుతుంది. సెల్ఫ్ కొడితే తిరుగుతుంది గానీ పట్టదు. ఇక్కడ చాలామంది బ్యాటరీ చచ్చేదాకా సెల్ఫ్ కొట్టి, తర్వాత నలుగుర్ని పిలిచి తోయిస్తారు. అవసరం లేదు. ట్యాంకులో డీజిల్ ఉందో లేదో, కాక్ తెరిచి ఉందో లేదో చూసి, ఫిల్టర్ల పైన ఉండే బ్లీడ్ స్క్రూ రెండు చుట్లు వదులు చేయండి. ఫీడ్ పంపుకి చేత్తో కొట్టే మీట గానీ బొడిపె గానీ ఉంటుంది, దాన్ని కొడుతూ ఉంటే స్క్రూ దగ్గర ముందు బుడగలతో నురగలా వస్తుంది, కాసేపటికి బుడగలు లేకుండా సాఫీగా డీజిల్ కారుతుంది, అప్పుడు కొడుతూనే స్క్రూ బిగించాలి, కొట్టడం ఆపి బిగిస్తే మళ్ళీ గాలి పీలుస్తుంది. రెండు ఫిల్టర్లుంటే ట్యాంకు వైపుది ముందు, తర్వాత రెండోది, ఆ తర్వాత పంపు మీద ఉండే స్క్రూ. ఇంతవరకు చేస్తే పదింట తొమ్మిదిసార్లు బండి స్టార్ట్ అవుతుంది. అప్పటికీ పట్టకపోతే నాజిల్స్ దగ్గర పైపుల నట్లు ఒక్క చుట్టు వదులు చేసి ఒకరు సెల్ఫ్ కొడితే అక్కడ డీజిల్ చిమ్ముతుంది, చిమ్మగానే బిగించాలి. ఆ చిమ్మే చోట చెయ్యి పెట్టొద్దు, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దిగుతుంది, పైకి చీమ కుట్టినట్టు ఉంటుంది గానీ తర్వాత వేలు తీసేయాల్సి రావచ్చు. అట్లా జరిగితే పసుపు రాసి ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోండి.

50 హెచ్‌పీ దాటిన బళ్ళకి 2023 నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి, వాటిలో సీఆర్‌డీఐ అనే, ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉన్న ఇంజన్లు వస్తున్నాయి. మీది అదైతే నాజిల్స్ పైపులు వదులు చేయడం అనే మాట మర్చిపోండి, వాటి ప్రెషర్ చాలా ఎక్కువ. ఫిల్టర్ దగ్గర చేతిపంపు కొట్టి, అంతటితో ఆపండి.

ఇంజన్ ఆయిల్ మార్చడం

ఎక్కువ బళ్ళకి 250 గంటలకోసారి. గ్రేడు చాలావాటికి 15డబ్ల్యూ40 గానీ 20డబ్ల్యూ40 గానీ, ఎన్ని లీటర్లో పుస్తకంలో చూడండి. బండిని పది నిమిషాలు తిప్పి ఆపితే ఆయిల్ పలచబడి మురికితో సహా దిగుతుంది. చదును నేల మీద పెట్టి, డబ్బా కింద పెట్టి, డ్రెయిన్ బోల్టు తీయండి, చివరి చుట్లు చేత్తో తిప్పేటప్పుడు చెయ్యి పక్కకి పెట్టుకోండి, వేడిగా ఉంటుంది. పూర్తిగా కారడానికి ఇరవై నిమిషాలు వదలండి, ఈలోపు ఫిల్టర్ విప్పొచ్చు. చేతికి రాకపోతే పాత సైకిల్ చైన్‌కి చెక్క కట్టి చుట్టి తిప్పినా వస్తుంది. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతే దాని మీదే కొత్తది బిగించేస్తారు కొందరు, స్టార్ట్ చేయగానే ఆయిలంతా బయటికి కొడుతుంది, కాబట్టి వేలు పెట్టి తడిమి చూడండి. కొత్తదాని రబ్బరుకి ఆయిల్ రాసి, చేత్తో ఆనే దాకా తిప్పి, ఆ తర్వాత ముప్పావు చుట్టు, అదీ చేత్తోనే. డ్రెయిన్ బోల్టుకి రాగి వాషర్ కొత్తది వేయండి, పది రూపాయల దానికి కక్కుర్తి పడి నేను వారం రోజులు చుక్కలు లెక్కపెట్టాను.

ఆయిల్ పోసి స్టార్ట్ చేశాక ఆయిల్ లైటు కొద్ది సెకన్లలో ఆరిపోవాలి, ఆరకపోతే ఆపేయండి. ఆరితే రెండు నిమిషాలు స్లోలో తిప్పి, ఆపి, కాసేపాగి డిప్ స్టిక్ చూసి, తగ్గింది పోయండి. ఖాళీ డబ్బాకి మేకుతో నాలుగు బెజ్జాలు కొట్టి పారేయండి, అట్లాంటి డబ్బాలు కొని నకిలీ ఆయిల్ నింపి అమ్మేవాళ్ళు ఉన్నారు. తీసిన ఆయిల్ కాలవలో పోయొద్దు, కాలవ నీళ్ళే మన కయ్యల్లోకి వచ్చేది. గేటు మడతబందులకి, నాగలి కర్రులకి, రోటవేటర్ బ్లేళ్ళకి తుప్పు పట్టకుండా పూసుకోవడానికి దాచుకోండి.

దమ్ములో ఉన్నన్నాళ్ళూ

దమ్ము పనిలో బండి బురదనీళ్ళలోనే తిరుగుతుంది, పైగా ఇనప చక్రాల కుదుపు. ఈ పని మొదలుపెట్టే ముందు క్లచ్ హౌసింగ్ అడుగున చూడండి, చాలా బళ్ళకి చిన్న రంధ్రం ఉంటుంది, మామూలు రోజుల్లో అది తెరిచే ఉంటుంది, లేకపోతే ఒక పిన్ను వేలాడుతుంటుంది. దమ్ముకి పోయేటప్పుడు దానికి బోల్టు బిగించాలి, లేకపోతే బురదనీళ్ళు క్లచ్‌లోకి పోతాయి. రోజూ సాయంత్రం ఆ బోల్టు తీసి నీళ్ళేమన్నా కారతాయేమో చూసి మళ్ళీ పెట్టాలి. దమ్ములు అయిపోయాక తీసేయాలి, ఈ చివరి పని అందరూ మర్చిపోతారు. ఆ రంధ్రం ఉన్నదే ఇంజన్ వెనక సీలు గానీ గేర్ బాక్సు ముందు సీలు గానీ లీకైతే ఆ ఆయిల్ కిందకి కారిపోవడానికి. బోల్టు అట్లాగే ఉంచేస్తే ఆయిల్ లోపలే నిండి క్లచ్ ప్లేటుకి పడుతుంది, ధాన్యం ట్రక్కుతో గట్టు ఎక్కేటప్పుడు క్లచ్ జారుతుంది. మామూలు రోజుల్లో ఆ రంధ్రంలోంచి నల్ల ఆయిల్ చుక్కలు పడితే ఇంజన్ సీలు, చిక్కటి గేర్ ఆయిల్ పడితే గేర్ బాక్సు సీలు అని మెకానిక్‌కి ఫోన్లోనే చెప్పొచ్చు.

గ్రీజు దమ్ములో రోజూ కొట్టాలి, పొద్దునా సాయంత్రం కొట్టినా తప్పులేదు. నిప్పుల్ (గ్రీజు కొట్టే బొడిపె) మీద మట్టి తుడవకుండా గన్ను పెడితే ఆ మట్టినే లోపలికి నెట్టినట్టు. పాత గ్రీజు పక్కల్నించి బయటికి వచ్చి, దాని వెనకాల కొత్త గ్రీజు కనిపించే దాకా కొట్టండి, అప్పుడే నీళ్ళు, బురద బయటికి వస్తాయి. ముందు ఇరుసు మధ్య పిన్ను, రెండు పక్కలా కింగ్ పిన్నులు, స్టీరింగ్ లింకులు, క్లచ్, బ్రేకు పెడల్ షాఫ్టులు, వెనక లింకుల లెవలింగ్ బాక్సు. మధ్య పిన్ను అడుగున ఉంటుంది కాబట్టి పడుకుని కొట్టాలి, అందుకే ఎవరూ కొట్టరు, అందుకే చాలా బళ్ళకి మొదట అరిగేది అదే. ఏదన్నా నిప్పుల్‌లోకి గ్రీజు పోవడం లేదంటే నిప్పుల్ తీసి డీజిల్‌లో కడగండి, పోకపోతే కొత్తది వేయండి, చవకే.

దమ్ములు ముగిశాక ముందు చక్రాల హబ్బులు విప్పి చూడటం మంచిది. చక్రం పైకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉందంటే బేరింగు చూడాలి. మూత తీస్తే గ్రీజు తెల్లగా నీళ్ళు కలిసి ఉంటే అంతా డీజిల్‌తో కడిగి, బేరింగు లోపల దాకా అరచేత్తో గ్రీజు కూరి పెట్టాలి.

వెనక గేర్, హైడ్రాలిక్ ఆయిల్లోకి నీళ్ళు దిగాయో లేదో తెలుసుకోవడానికి మా ఊరి పెద్దాయన ఒకాయన నేర్పిన కిటుకు ఇది: రాత్రంతా బండి కదలకుండా ఉంచి, పొద్దున స్టార్ట్ చేయకుండానే అడుగు డ్రెయిన్ బోల్టు కొద్దిగా, కొద్దిగా మాత్రమే, వదులు చేయాలి. నీళ్ళుంటే అవే ముందు కారతాయి. ఆయిల్ చుక్క రాగానే బిగించాలి. నాలుగు చుక్కల నీళ్ళైతే సరే, ఆయిల్ మొత్తం పాలు పోసిన టీలా ఉంటే గంటలు నిండకపోయినా మార్చాల్సిందే. ఎక్కువ బళ్ళకి ఇది 1000 గంటలకోసారి, లీటర్లు చాలా పడతాయి కాబట్టి ఖర్చు ఎక్కువ, దాన్ని చూసి వాయిదా వేస్తాం. లిఫ్ట్ మెల్లగా లేస్తోందంటే ముందు ఆయిల్ లెవెల్, తర్వాత హైడ్రాలిక్ ఫిల్టర్ చూడండి.

రేడియేటర్ ముందు జాలీ బురదతో, కోతల్లో అయితే పొట్టుతో మూసుకుపోతుంది. దుమ్ము పట్టేది ముందు వైపు కాబట్టి ఇంజన్ వైపు నుంచి ముందుకి నీళ్ళు కొట్టాలి, మెల్లగా, ప్రెషర్ గన్ను దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి. వేడి ఇంజన్ మీద నీళ్ళు పోయొద్దు. సెల్ఫ్ మోటారు, డైనమో, ఎయిర్ క్లీనర్ మూతి, వీటి వైపు పైపు తిప్పొద్దు.

రోటవేటర్ బ్లేళ్ళ బోల్టులు రోజూ తట్టి చూడండి, ఒకటి ఊడితే పక్కది వంగుతుంది. షాఫ్టు చివర్ల చుట్టుకున్న నైలాన్ తాళ్ళు, యూరియా బస్తాల దారాలు కత్తితో కోసి తీసేయాలి, అవి ఆయిల్ సీలుని కోసేస్తాయి, గేర్ బాక్సులో 90 గ్రేడు ఆయిల్ మాయమైపోతుంది. చక్రాల నట్లు కూడా, ఇనప చక్రాలు తగిలించిన మొదటి రోజు రెండు గంటలకోసారి బిగించి చూసుకోండి.

విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లోనో, ఇసకపల్లి ఉప్పు కొటార్ల దగ్గరో పని చేసే బళ్ళకి ఉప్పుబురద పట్టి ఉంటుంది. దాన్ని రాత్రికి ఉంచొద్దు, ఆ సాయంత్రమే మంచినీళ్ళతో కడిగి, ఆరాక బోల్టులకి, లింకులకి కాస్త పాత ఆయిల్ పూయండి.

టైర్లు, బ్యాటరీ, బ్రేకులు

వీటి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. వెనక టైర్లలో దుక్కికి 12 నుంచి 14 పీఎస్ఐ, రోడ్డు మీద ట్రక్కుకి ఇంకాస్త. టూ వీల్ డ్రైవ్ బళ్ళకి ముందువాటిలో రెట్టింపు పైనే ఉంటుంది, పుస్తకం చూడండి. వెనక టైర్లలో నీళ్ళు నింపి ఉంటే దమ్ముకి ముందు తీయించుకోండి, బరువుకి బండి దిగబడుతుంది.

బ్యాటరీ నీళ్ళు ప్లేట్ల పైన 10, 15 మిల్లీమీటర్లు ఉండాలి, డిస్టిల్డ్ వాటరే పోయాలి, రోహిణి కార్తె ఎండల్లో పది రోజులకోసారి చూడాలి. టెర్మినల్స్ మీద తెల్లగా పూసినట్టుంటే వేణ్ణీళ్ళలో తినే సోడా కలిపి పోసి తుడిచి, ఆరాక వాజ్‌లైన్ రాయండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ చివర. తిప్పి చేస్తే పానా బాడీకి తగిలి మెరుపు వస్తుంది, బ్యాటరీ పేలిన సందర్భాలూ ఉన్నాయి.

క్లచ్ పెడల్ నొక్కితే మొదటి 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఖాళీగా పోవాలి, లేకపోతే కింద రాడ్డు సర్దుకోవాలి. బ్రేకులు రెండూ సమానంగా పట్టాలి. చేలో విడివిడిగా వాడుకున్న రెండు పెడళ్ళని రోడ్డెక్కే ముందు కొక్కెం వేసి కలపండి, ధాన్యం లోడుతో మిల్లుకి పోతూ ఒక పక్క బ్రేకే తొక్కితే బండి తిరగబడుతుంది.

పనులు లేని రోజుల్లో

కోతలయ్యాక ఎడగారుకి (రెండో పంటకి) నీళ్ళు లేని ఏడాది బండి రెండు మూడు నెలలు ఊరికే ఉంటుంది. కడిగి, గ్రీజు కొట్టి, ట్యాంకు నింపి, బ్యాటరీ మైనస్ తీసి పెట్టండి. వారానికోసారి తగిలించి పావుగంట నడిపితే ఇంకా మంచిది. వరిగడ్డి వామి పక్కన మాత్రం పెట్టొద్దు, ఎలుకలు బానెట్‌లో కాపురం పెట్టి వైర్లన్నీ కొరికేస్తాయి, ఎలుకలుంటే వాటి వెనక పాము కూడా వస్తుంది, మా షెడ్లో వచ్చింది. సైలెన్సర్ మీద డబ్బా బోర్లించండి, వాన నీళ్ళు దిగకుండా. ఏ పని ఎన్ని గంటల మీద చేశామో మడ్‌గార్డ్ లోపలి వైపు పెయింటుతో రాసుకోండి, కాగితం పోతుంది, ఇది పోదు.

ఇంకోటి, చెమ్మకి క్లచ్ ప్లేటు అతుక్కుపోకుండా పెడల్‌ని నొక్కి ఉంచి ఒక చెక్కముక్క అడ్డం పెడతారు, కొన్ని బళ్ళకి దానికే కొక్కెం ఉంటుంది. పెట్టినప్పుడు తాళానికి ఒక గుడ్డపేలిక కట్టి ఉంచండి. పోయినేడు నేను ఊళ్ళో లేనప్పుడు మా బావమరిది బండి తీశాడు, గేర్లన్నీ పడుతున్నాయి గానీ బండి అంగుళం కదలడం లేదు, అరగంట కుస్తీ పట్టి, "బావా, క్లచ్ పోయింది, మెకానిక్‌కి చెప్పేశా, రేపు వస్తానన్నాడు" అని ఫోన్ చేశాడు.